డీజిల్ బండికి ఏడు వేల ఆర్పీఎమ్మా?

పొద్దున్నే వాట్సాప్‌లో ఒక రీల్ వచ్చి పడింది. అమలాపురం దాటాక కాలవ గట్టు, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కిపెట్టిన తెల్ల హ్యాచ్‌బ్యాక్, వెనకాల 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' అనే కార్ రేసు సినిమాలోని ఏడు వేల ఆర్పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మాటలు. బండేమో డీజిల్! ఐదు వేల చుట్టుపక్కలే కట్టయిపోయే ఇంజన్‌కి ఏడు వేల డైలాగు. గేదెకి జీను కట్టి రేసు గుర్రం అన్నట్టుంది. కింద కామెంట్లలో నిప్పు బొమ్మలే నిప్పు బొమ్మలు.

వెనక సైలెన్సర్ డబ్బా కోయించి గొట్టం పెట్టించాడు. పవర్ పెరిగిందట. టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రం) ఉన్న డీజిల్‌కి చివరి డబ్బా కోస్తే పెరిగేది మోత ఒక్కటే నాయనా. పైగా చల్లటి ఇంజన్‌ని అలా అరిపిస్తే చిక్కగా ఉన్న ఆయిలు టర్బో బేరింగుకి సరిగా అందదు. అరిపించి టక్కున తాళం తిప్పేస్తే వేడికి అదే ఆయిలు లోపల మాడి బొగ్గవుద్ది. ఆపేముందు ఒక్క నిమిషం ఐడ్లింగ్‌లో వదిలితే ఏం పోయింది? (మోటారు వాహనాల చట్టంలో 182ఎ అని ఒకటుంది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దాని మీదా ఒక రీల్ చెయ్యండి.)

అసలు ఆ సినిమాలో వీళ్ళకి వినపడింది మోతేనా? 1966లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ 24 గంటల రేసులో ఫోర్డ్ జీటీ40 కారుకి పెద్ద తలనొప్పి బ్రేకులు. 7 లీటర్ల ఇంజన్, అంత బరువు, ముల్సాన్ అనే తిన్నటి దారిలో గంటకి 300 కిలోమీటర్లు దాటాక చివర మలుపుకి ఒక్కసారి తగ్గాలి. బ్రేకు డిస్కులు ఎర్రగా కాలిపోయేవి. పిట్‌లో చకచకా డిస్కులే మార్చేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ గొడవ సినిమాలోనూ ఉంది. దాన్ని స్టేటస్ పెట్టుకున్న మగాడు రాజోలు నుంచి రావులపాలెం దాకా ఒక్కడూ లేడు.

మన గట్ల మీద కావాల్సింది బ్రేకేనండీ. రెయిలింగ్ ఉండదు. నల్లమట్టి ఎండకి బీటలిచ్చి, వానకి ఉబ్బి, కాలవ వైపు అంచు దిగిపోద్ది. లాకుల దగ్గర తిరగ్గానే ఎదురుగా వరికోత మిషను, లేదంటే సగం రోడ్డు ఆరబోసిన ధాన్యం. గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతుంటే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మాత్రం ఏం చేస్తుంది?

బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో చెప్పండి చూద్దాం. డాట్ 4 రకం ఆయిలు కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చి అందులో నీరు 3.7 శాతానికి చేరితే 155 దగ్గరే మరిగిపోవచ్చు, అప్పుడు బ్రేకు పట్టదు. ఊరగాయ జాడీ మూత కాస్త వదులైతే బూజు పట్టే ఊళ్ళు మనవి! రెండేళ్ళకోసారి మార్చాలి. మార్చాక బ్రేకు గొట్టాల్లో గాలి తీసేటప్పుడు డబ్బాలో ఆయిలు కింది గీత దాటి దిగితే మళ్ళీ గాలి చొరబడుద్ది, పెడల్ స్పాంజిలా దిగుద్ది.

అయినా నా మంటంతా ఆ చేపల లారీల మీద. భీమవరం నుంచి నరసాపురం దాకా జిగురు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. మోటారు సైకిళ్ళు జారేది వాటి మీదే, అడిగే నాథుడు లేడు. ఆ ఉప్పు తడికి కాలిపర్ (ప్యాడుల్ని డిస్కుకి నొక్కే బిగింపు) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. అప్పుడు లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోద్ది, బయటిది కొత్తదానిలా నవ్వుతుంటుంది. అల్లాయ్ చక్రం సందులోంచి తొంగి చూసి 'ప్యాడులు బాగున్నాయండీ' అనే మెకానిక్కులకో దణ్ణం. చక్రం ఊడదియ్యాలి, లోపలిది చూడాలి, పిన్నులకి సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బుద్ది.

ఆ రీల్‌లో అల్లాయ్‌ని దగ్గరగా చూపించాడు కదా, అక్కడ పాజ్ చెయ్యండి. టైరు మీద 2316 అని ఉంది. అంటే 2016లో 23వ వారం తయారీ.