వాహనాలు లేని వీధిలో ట్రాఫిక్ జామ్

ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఇల్లు దొరికిందని సంబరపడినప్పుడు, ఇంటికి కూడా ఆఫీసు సరిగ్గా ఎదురుగానే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు.

సాయంత్రం ఆరు దాటితే పురుగు కూడా మెదలని నగరం నడిబొడ్డుకు ఈ మధ్యనే మళ్లీ ప్రాణం పోశారు. పాత కార్యాలయ భవనాన్ని ఫ్లాట్లుగా మార్చి, కింది అంతస్తును నాటకశాలకు ఇచ్చి, వాహనాలు రాకుండా రెండు చివర్లా ఇనుప స్తంభాలు పాతి వీధిని నడిచేవారికి వదిలేశారు. కోపెన్‌హాగెన్ నగరం తన ప్రధాన వాణిజ్య వీధి నుంచి కార్లను 1962లోనే సాగనంపింది. మా వీధికి ఆ యోగం కాస్త ఆలస్యంగా పట్టింది.

ఇక్కడ కట్టడం గురించి ఒక మాట చెప్పాలి. విద్యుద్దీపాలూ ఏసీలూ ఉన్నాయన్న ధీమాతో ఆఫీసు భవనాలను వెనక్కి చాలా లోతుగా కడతారు కాబట్టి, వాటిని ఇళ్లుగా మార్చినప్పుడు వెలుతురు బయటి గోడ పక్కన ఉన్నవారికే దక్కుతుంది. నా ఫ్లాటు కూడా రైలుపెట్టెలా పొడవుగా సాగి, వీధివైపు ఒకే ఒక్క పెద్ద కిటికీతో ముగుస్తుంది. స్నానాల గది చీకటిగుయ్యారం కావడంతో పళ్లు తోముకోవడానికి ఆ కిటికీ దగ్గరికి రావడం నాకు అలవాటైంది.

ఒక గురువారం రాత్రి కింద సంగీత కార్యక్రమం జరిగింది. మంద్రస్థాయి ధ్వనులను గోడలు అంత తేలిగ్గా ఆపలేవు. అందువల్ల పాటలోని మాటలూ రాగమూ నేల దగ్గరే ఆగిపోయి, దరువు ఒక్కటే నా మంచం దాకా వచ్చి అర్ధరాత్రి దాటేవరకు అక్కడే కాపురం ఉంది. మర్నాడు మెలకువ వచ్చేసరికి తొమ్మిదీ పది. మీటింగేమో తొమ్మిదింటికి. ఏళ్ల తరబడి ఊరి చివర నుంచి బస్సులు మారి వచ్చిన ప్రాణం కావడంతో, బుర్ర ఇంకా నిద్ర లేవకముందే వేళ్లు తమంతట తామే మెసేజ్ పంపేశాయి: “ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను సార్, పది నిమిషాల్లో వచ్చేస్తాను.”

జవాబు వెంటనే వచ్చింది. “తొందరేమీ లేదు. ముందు ఆ నురగ ఉమ్మేసి రండి.”

తలెత్తి చూస్తే ఎదుటి భవనం అద్దాల గదిలో మా మేనేజర్‌గారు, ఆయన వెనుక ఆరుగురు సహోద్యోగులు నిలబడి ఉన్నారు. వారిలో ఒకాయన మర్యాదగా చెయ్యి కూడా ఊపాడు. బ్రష్ పట్టుకున్న చేత్తోనే నేనూ ఊపాను. అంతకంటే చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

ఇళ్లూ పనిచోట్లూ వినోదశాలలూ ఒకే చోట ఉంటే వేర్వేరు వేళల్లో జనం తిరుగుతూ ఉంటారనీ, వీధి మీద ఎప్పుడూ ఎవరివో కళ్లు ఉండటమే దానికి రక్షణ అనీ నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వాదించారు. ఆ కళ్లలో పై అధికారివి కూడా ఉండవచ్చునని ఆవిడ ఒక్క ముక్క హెచ్చరించి ఉంటే, నేను వెలుతురును త్యాగం చేసి వెనకవైపు ఫ్లాటు తీసుకునేవాణ్ని.

ఆ సాయంత్రమే మందపాటి తెర కొని బిగించాను. సోమవారం మేనేజర్‌గారు, “తొమ్మిదింపావు దాకా తెర తీయలేదేమండీ, ఒంట్లో బాగానే ఉందా?” అని ఆప్యాయంగా పరామర్శించారు.

తర్వాతి శనివారం వీధిలో ఒక యువకుడు ఫిడేలు వాయిస్తుంటే గుంపులో నిలబడి వింటున్నాను. నా వెనుక నుంచి పరిచయమున్న గొంతు ఒకటి ఫోనులో, “ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానే, ఇంకో అరగంట పడుతుంది” అని బతిమాలుకుంటోంది. వెనక్కి తిరిగాను. మేనేజర్‌గారు ఫోనును అరచేత్తో మూసి, నన్నూ, వీధి మొదట్లోని ఇనుప స్తంభాలనూ మార్చి మార్చి చూశారు. నేను మర్యాదగా ఫిడేలువైపు తిరిగిపోయాను.