గనిలో పుట్టే విషానికి లేబుల్ ఉండదు

ఏ గనికైనా వెళ్లి ప్రమాదకర రసాయనాల జాబితా చూపించమనండి, స్టోర్ నుంచి ఒక ఫైలు తెచ్చి ముందు పెడతారు. సల్ఫ్యూరిక్ యాసిడ్, సోడియం సయనైడ్, డీజిల్, పేలుడు పదార్థాలు ఇలా వరుసగా ఉంటాయి. నా అభ్యంతరం అక్కడే. అది గని కొన్న సరుకుల జాబితా. అక్కడ పనిచేసే మనిషి పీల్చేవాటి జాబితా వేరే ఉంది, దాన్ని ఎవరూ రాయలేదు.

క్వార్ట్జ్ (పలుగురాయి) ఉన్న రాతిని డ్రిల్ చేస్తే సిలికా ధూళి లేస్తుంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది, డీజిల్ పొగను 2012లో అదే వర్గంలో చేర్చింది. డీజిల్ డ్రమ్ముకు లేబుల్ ఉంటుంది, అది మండాక వచ్చే పొగకు ఉండదు. బ్లాస్టింగ్ అయ్యాక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు. నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, పీల్చినవాడు షిఫ్ట్ దిగి ఇంటికెళ్లి పడుకున్నాక కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మరీ ఘోరం, మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని లోపలికి అడుగేసినవాడు తిరిగి రాకపోవచ్చు.

రెండు రసాయనాలు కలిస్తే పుట్టేవి ఇంకో రకం. బంగారం తీసే చోట సయనైడ్ ద్రావణాన్ని క్షారంగానే ఉంచాలి, యాసిడ్ తగిలిందా, హైడ్రోజన్ సయనైడ్ గ్యాస్ వచ్చేస్తుంది. ఖనిజాన్ని వేరుచేయడానికి వాడే క్సాంథేట్‌కు తేమా వేడీ తగిలితే కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది, అది నరాలనూ దెబ్బతీస్తుంది, ఇట్టే అంటుకుంటుంది కూడా. ఇవన్నీ సేఫ్టీ డేటా షీట్‌లోని, అంటే రసాయనంతో పాటు వచ్చే జాగ్రత్తల పత్రంలోని 16 భాగాల్లో పదో భాగంలో రాసే ఉంటాయి. కానీ స్టోర్‌లో దేని పక్కన దేన్ని పెట్టాలో చెప్పేవాడు ఆ పేజీ తిప్పాలి కదా!

గ్యాస్ డిటెక్టర్లు ఉన్నాయి, పుట్టే ప్రతిదాన్నీ రాస్తూ కూర్చుంటే కార్మికులకు టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదని యాజమాన్యాలు అంటాయి. కానీ డిటెక్టర్ తనలో ఏ సెన్సర్ పెడితే ఆ గ్యాస్‌నే పట్టుకుంటుంది. మామూలుగా వాడే నాలుగు గ్యాసుల పరికరం ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువులను చూస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ దాని లెక్కలోనే లేదు. ఏం పుడుతుందో ముందు రాసుకోకపోతే ఏ సెన్సర్ కొనాలో ఎలా తెలుస్తుంది? ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు, గనిలోకి తెచ్చిన రసాయనాలతో పాటు గనిలో ఉత్పత్తయ్యేవాటినీ పరిశీలించాలని అమెరికా గనుల నిబంధన 2002 నుంచే చెబుతోంది.

అసలు ఈ గుర్తింపు పని ఎవరిది అన్నదే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక ఆఫీసర్ జాబితా తయారుచేస్తాడు, అది కార్మికుడికి రాని భాషలో ఉంటుంది, తాళం వేసిన గదిలో ఉంటుంది. నిన్న చేరిన కాంట్రాక్ట్ కార్మికుడికి అలాంటి గది ఒకటుందని కూడా తెలియదు. తన ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకోవడం అతని హక్కు, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ఏ మూల గాలి ఆడదో, బ్లాస్టింగ్ తర్వాత ఎంతసేపటికి కళ్ల మంట తగ్గుతుందో అందరికంటే బాగా తెలిసింది కూడా అతనికే. అందుకే జాబితా పని జరిగే చోటే, అతన్ని పక్కన పెట్టుకుని, అతని భాషలో రాయాలి. డ్రిల్లర్ సంతకం లేని రిజిస్టర్‌ను ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపాలి.