విదేశీ విద్యార్థులతో ముఖాముఖి: ఫొటో తర్వాత ఏమిటి?

వేర్వేరు దేశాల విద్యార్థులను ఆన్‌లైన్‌లో కలిపే కార్యక్రమాల మాట మన దగ్గర ఈమధ్యే వినిపిస్తున్నా, ఆ ఆలోచన చాలా పాతది. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియని 1988లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బడులను, మాస్కో బడులను కంప్యూటర్ల ద్వారా కలిపారు. ఐఎర్న్ అనే అంతర్జాతీయ వేదిక ఆ ప్రయత్నం నుంచే పుట్టింది. ఐరోపాలో 2005లో మొదలైన ఈ-ట్విన్నింగ్ అక్కడి బడులను జతలు జతలుగా కలిపి ఉమ్మడి ప్రాజెక్టులు చేయించింది. అన్ని వయసుల వారికీ చదువు అందించాలనుకునే నగరాలను కలిపే యునెస్కో అభ్యసన నగరాల వ్యవస్థలో వరంగల్ 2022లో చేరింది కనుక, ఇక్కడి సర్కారు బడి పిల్లలకూ ఇలాంటి అవకాశం అందాలని కోరుకోవడం సహజమే.

అయితే ఇలాంటి కార్యక్రమం సాధారణంగా జరిగే తీరు చూస్తే ఉత్సాహం కొంత తగ్గుతుంది. ప్రొజెక్టర్ తెర మీద అవతలి దేశపు తరగతి కనిపిస్తుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లలు ముందురోజు కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్తారు. ఇటు నుంచి ఒక బతుకమ్మ పాట, అటు నుంచి ఒక పాట. వెనక బెంచీల వాళ్లు తెర మూలనున్న చిన్న గడిలో తమ ముఖాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఉండగానే గంట కొడతారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. పాటలు పాడుకోవడంలో తప్పేమీ లేదు గానీ, అంతటితో ముగిసిన దాన్ని విద్యా వినిమయం అనడం అతిశయోక్తే అవుతుంది.

పైగా అంతా వీడియో కాల్ మీదే నడపాలంటే గడియారం ఒప్పుకోదు. హనుమకొండలో ఉదయం పది గంటలైతే టోక్యోలో మధ్యాహ్నం ఒకటిన్నర కాబట్టి జపాన్ పిల్లలతో మాటలు కుదురుతాయి. న్యూయార్క్‌లో మాత్రం, చలికాలమైతే, అప్పటికి ఇంకా ముందురోజు రాత్రి పదకొండున్నరే. ఎవరి వేళలో వాళ్లు రాసి, రికార్డు చేసి పంపుకొంటూ, వీలైనప్పుడు మాత్రమే ముఖాముఖి కలుసుకునే పద్ధతే మన బడులకు సరిపోతుంది. దానికి స్టూడియో లాంటి డిజిటల్ గది అక్కర్లేదు, ఒక స్మార్ట్‌ఫోన్‌తో పని నడుస్తుంది.

అసలు ప్రశ్న ఆ పిల్లలు ఏం మాట్లాడుకోవాలన్నది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలో అదే రికార్డు. అదే రోజుల్లో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది, ఇళ్లపైకెక్కిన జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. సరిగ్గా రెండేళ్ల ముందు, 2021 జూలైలో, పశ్చిమ జర్మనీలోని ఆర్ నది లోయలోనూ వరద వచ్చి 130 మందికి పైగా చనిపోయారు. అక్కడా కప్పుల మీది నుంచి మనుషులను హెలికాప్టర్లతోనే దించారు. మన లెక్కన చూస్తే అక్కడ పడింది చాలా తక్కువ వాన. సంపన్న దేశంలో, అంత తక్కువ వానకు అంతమంది ఎందుకు పోయారు? లోయ ఇరుకుగా ఉండటమా, నది ఒడ్డునే ఇళ్లు కట్టడమా, హెచ్చరిక ఆలస్యం కావడమా? ఈ ప్రశ్నను భూపాలపల్లి పిల్లలు అక్కడి పిల్లలను అడగాలి. మీ ఊళ్లో వాగు పొంగుతోందని ముందుగా ఎవరు చెప్పారని వాళ్లు మన పిల్లలను అడగాలి. జవాబు కోసం మన పిల్లలు సర్పంచు దగ్గరికి, వరద చూసిన అవ్వల దగ్గరికి వెళ్లక తప్పదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల సంగతి అప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలోంచి దానంతటదే బయటికొస్తుంది, ఎందుకంటే అలుగు పారితే నీళ్లు ఎటు పోతాయన్నది అవతలి వాళ్లకు వివరించాల్సి ఉంటుంది.

భాష అడ్డు వస్తుందన్న భయం సగమే నిజం. సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చినా, పిల్లలు నోరు తెరవడానికి జంకుతారు. అవ్వతో తెలుగులో మాట్లాడి, ఆ మాటలను నింపాదిగా ఇంగ్లిష్‌లోకి మార్చి, టీచరుతో దిద్దించుకొని పంపే పనిలో ఆ జంకు ఉండదు. జర్మన్ పిల్లలకూ ఇంగ్లిష్ పరాయి భాషే కదా! పిల్లల ఫోన్ నంబర్లు, ఫొటోలు బయటికి పోకుండా బడి ఖాతా ద్వారానే అంతా నడపాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ చేయాల్సింది టీచరే. సిలబస్, పరీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీల మధ్య ఇదొక అదనపు చాకిరీగా మిగిలితే రెండో నెలకే ఆగిపోతుంది. ఏడాది మధ్యలో బడిలోనే జరిపే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులు ఇప్పటికే ఉన్నాయి. వాటి కోసం చాలామంది పిల్లలు ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించి, అట్ట వేసి ఇవ్వడం అందరికీ తెలిసిన సంగతే. విదేశీ బడితో కలిసి చేసిన పనిని ఆ ప్రాజెక్టుగా లెక్కగట్టమని విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే కొత్త నిధులు లేకుండానే టీచరుకు సమయం, పిల్లలకు మార్కులు దక్కుతాయి. ముందుగా జిల్లాకు ఒకట్రెండు బడుల్లో, ఒకే అంశం మీద, ఒక విద్యా సంవత్సరం పాటు నడిపి చూడవచ్చు.