నల్లగొండకు తిరిగి వెళ్లాలా?

ఉద్యోగ విరమణ తర్వాత ఒకప్పుడు మనసుపడ్డ ఊరికే వెళ్లి స్థిరపడాలని ఒక వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. నల్లగొండలో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆదివారాల్లో సైకిల్‌పై పక్కనే ఉన్న పానగల్లు వెళ్లి, పొద్దు ఎటు తిరిగినా ఛాయా సోమేశ్వరుడి గుడిలో గర్భగుడిలోని లింగం మీద చెదరకుండా నిలిచే నీడను చూసి, అక్కడి ఉదయసముద్రం చెరువు కట్ట మీద చీకటి పడేదాకా కూర్చున్నవాడిని కనుక, నాకూ ఆ ఆశ ఉంది. అయితే మా అద్దె ఇంటి పెద్దమ్మ నవ్వినప్పుడు కనిపించే గోధుమరంగు పళ్ల చారలనూ, వాటికి కారణమైన ఫ్లోరైడ్ బోరు నీళ్లనూ నేను మరచిపోలేదు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఆ భయం చాలావరకు తీరింది. తీరనిదల్లా వేరొకటి: గడియారం సెంటర్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే మిత్రుల్లో ఎక్కువమంది నాలాగే హైదరాబాద్ చేరారు. మా ఆవిడ మాత్రం, "మీకు కావలసింది ఊరా, ఆ వయసా?" అని అడుగుతోంది. (ఆమెది పాలమూరు, మాట సూటిగానే ఉంటుంది.) అందుకే ఇక్కడి ఇల్లు అమ్మకుండా, ఎండాకాలంతో కలిపి ఆరు నెలలు అక్కడ అద్దెకుండి చూడాలని నిర్ణయించుకున్నాము.