కవలల కాన్పు: నొప్పి మందు సంగతి ఎనిమిదో నెలలోనే తేల్చుకోవాలి

రాత్రి పదకొండు దాటింది. లేబర్ రూమ్ తలుపు సగం తెరిచి, నర్సు ఒక కాగితం మా మరిది చేతిలో పెట్టింది. అంతా ఇంగ్లీషులో ఉంది. “నొప్పులు తెలీకుండా వెన్నుకి ఇంజక్షన్ కావాలంటోంది మీ ఆవిడ. మత్తు డాక్టర్ గారు ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్‌లో ఉన్నారు, రావడానికి టైమ్ పడుతుంది. పిలవమంటారా వద్దా, రాసి సంతకం పెట్టండి” అంది. మరిది నా వైపు చూశాడు. నేను వాళ్ళమ్మ వైపు చూశాను. “వెన్నులో సూది గుచ్చితే జన్మంతా నడుం నొప్పేనంట కదమ్మా. రేపు ఇద్దరు బిడ్డల్ని ఎత్తుకోవాల్సిన మనిషి” అంది ఆవిడ. కోడలంటే ప్రాణం పెట్టే మనిషే, భయపడి అంది. మరిది కాసేపు పెన్ను తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి వద్దని రాసి సంతకం పెట్టాడు. తలుపుకి అవతల, పది అడుగుల్లో మా చెల్లి ఉంది. ఆమెను మేమెవరం అడగలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. కవలలని తెలిసి వింజమూరు నుంచి నెల్లూరు తీసుకొచ్చాం. మొదటి బిడ్డ తల కిందికుంది, రెండో బిడ్డ అడ్డంగా ఉంది. నార్మల్‌కి ప్రయత్నిద్దామని మేడమ్ అన్నారు, మేమూ సరేనన్నాం. ట్రమడాల్ అనే నొప్పి మందు ఒక్క ఇంజక్షన్‌తో చెల్లి ఆ రాత్రంతా నెట్టుకొచ్చింది. తెల్లవారుజామున మొదటి పాప పుట్టింది. ఆ వెంటనే రెండో పాప గుండె వేగం పడిపోయింది. వెన్నుకి మత్తు ఇచ్చేంత వ్యవధి లేక, పూర్తి మత్తిచ్చి కడుపు కోసి తీశారు. మత్తు డాక్టరు అప్పటికి వచ్చి ఉండటం మా అదృష్టం. పాపలిద్దరూ బాగున్నారు. కానీ చెల్లి ఇప్పటికీ ఒక మాట అంటుంది: “రెండోది పుట్టినప్పుడు నేను లేనక్కా.”

ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన దగ్గర కాన్పులో నొప్పి మందు అంటే ఓర్పుకి సంబంధించిన విషయం. ఓర్చుకుంటే గట్టి మనిషి, మందు అడిగితే సుకుమారం. ఒక బిడ్డ కాన్పులోనే ఈ లెక్క అన్యాయం. కవలల దగ్గరికొచ్చేసరికి ప్రమాదం కూడా. మొదటి బిడ్డ బయటికి రాగానే గర్భసంచిలో చోటు ఖాళీ అవుతుంది. అప్పటిదాకా తల కిందికి పెట్టుకుని ఉన్న రెండో బిడ్డ కూడా అడ్డం తిరగొచ్చు, ఎదురుకాళ్ళతో రావచ్చు, బొడ్డుతాడు ముందుకు జారిపోవచ్చు. అప్పుడు డాక్టరు పొట్ట మీద నుంచి బిడ్డను సరిచేయాలని చూస్తారు, లేదంటే గర్భసంచి లోపలికి చెయ్యి పెట్టి పాదాలు పట్టుకుని బయటికి తీస్తారు. తెలిసిన చేతికి అది నిమిషాల పని. ఏ మందూ లేని తల్లికి ఆ నిమిషాలు ఎలా ఉంటాయో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పైగా నొప్పికి ఆమె ఒళ్ళు బిగబట్టేస్తే డాక్టరుకి కూడా పని సాగదు.

ఎపిడ్యూరల్ అంటే నడుం దగ్గర, వెన్నుపాము పొర బయట, సన్నని మెత్తని గొట్టం పెట్టి దాని గుండా మందు ఇస్తూ ఉండటం. ఆ గొట్టం ముందే ఉంటే, డాక్టరు లోపల చెయ్యి పెట్టాల్సి వచ్చినా, మావి చేత్తో తీయాల్సి వచ్చినా తల్లి తట్టుకుంటుంది. సిజేరియన్ తప్పదంటే అదే గొట్టంలో మందు పెంచుతారు. చాలాసార్లు పూర్తి మత్తు అవసరం పడదు, తల్లి మెలకువగానే ఉండి రెండో ఏడుపు కూడా వింటుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, కవలలకు నార్మల్ కాన్పు అనుకున్న తల్లికి ఎపిడ్యూరల్ ఇస్తామని చెప్పి అడగాలంటుంది. పెద్ద పెద్ద ట్రయల్స్ కంటే డాక్టర్ల అనుభవం మీద ఎక్కువగా ఆధారపడి చెప్పిన సలహా ఇది. ఆ సంగతి కూడా తల్లికి చెప్పాలి. అయినా రెండో బిడ్డ అడ్డంగా ఉందని ముందే తెలిసిన చోట ఈ సలహా నాకు పూర్తిగా సబబుగా కనిపిస్తోంది.

ఇక భయాలు. చెల్లి వాళ్ళ అత్తగారి భయం ఆవిడ ఒక్కరిదే కాదు, నెల్లూరు పొగతోటలో ఏ నర్సింగ్ హోమ్ ముందు బెంచీ మీద కూర్చున్నా ఇదే మాట వినపడుతుంది. 2018లో కొక్రేన్ సంస్థ ఎన్నో అధ్యయనాలను కలిపి చూసింది. ఎపిడ్యూరల్ వల్ల దీర్ఘకాలం నడుం నొప్పి వస్తుందని గానీ, సిజేరియన్లు పెరుగుతాయని గానీ తేలలేదు. నడుం నొప్పి కాన్పు తర్వాత మామూలుగానే చాలామందికి వస్తుంది, కవలల్ని మోసిన నడుముకి మరీ ఎక్కువ. సూది గుర్తుండిపోతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

అలాగని దానికి ఇబ్బందులే లేవని చెప్పను. బీపీ పడిపోవచ్చు, అందుకే సెలైన్ పెట్టి మాటిమాటికీ చూస్తారు. దురద, వణుకు, జ్వరం రావచ్చు. కాళ్ళు బరువెక్కుతాయి, మూత్రానికి గొట్టం అవసరం కావచ్చు, బిడ్డను తోసే దశ సాగుతుంది. వందలో ఒకరికి సూది లోపలి పొరకు తగిలి, లేచి కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. దానికి వైద్యం ఉంది కానీ చంటిబిడ్డలిద్దరితో ఆ నాలుగు రోజులు నరకమే. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకు అసలు పెట్టకపోవచ్చు. కవలల తల్లుల్లో బీపీ ఎక్కువగా వస్తుంది, ముదిరితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి ఈ పరీక్ష ముందే చేయించుకోవాలి. ఇంకో మాట మన ప్రాంతానికే ప్రత్యేకం. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు దెబ్బతిన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను బిగుసుకుపోతుంది, సూది దూరడం కష్టమవుతుంది. వంగితే నడుం పట్టేసే అమ్మాయి ఈ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. సూది వేసేటప్పుడు రొయ్యలా ముడుచుకుని కదలకుండా ఉండాలి మరి. కవలల పొట్టతో, రెండు నిమిషాలకో నొప్పి వస్తుంటే, అది మామూలు కష్టం కాదు. అందుకే గర్భసంచి ద్వారం నాలుగైదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడే పెట్టించుకుంటే తల్లికీ డాక్టరుకీ సులువు.

“ఇంత తలనొప్పి ఎందుకు, సిజేరియన్ చేయించేస్తే పోలా?” అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఎక్కువ కవలల కాన్పులు అటే వెళ్తున్నాయని నా అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి రాష్ట్రంలో అన్ని కాన్పుల్లోనూ 42 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. కవలలకు సిజేరియన్ కచ్చితంగా కావాల్సిన సందర్భాలున్నాయి. మొదటి బిడ్డ తల కిందికి లేకపోతే, ఇద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉంటే, వాదన అక్కర్లేదు. కానీ మొదటి బిడ్డ తల కిందికే ఉన్న 2,800 మంది తల్లుల మీద 25 దేశాల్లో జరిగిన అధ్యయనం 2013లో వచ్చింది. ముందే సిజేరియన్ అనుకున్నా, నార్మల్‌కి ప్రయత్నించినా, పిల్లల ప్రాణాల విషయంలో, తీవ్రమైన అనారోగ్యం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే అధ్యయనంలో నార్మల్ అనుకున్నవాళ్ళలో వందకి 44 మందికి చివరికి ఆపరేషన్ అయింది. అందులో నలుగురికి మా చెల్లికి జరిగినట్టే జరిగింది: ఒకరు కింది నుంచి, ఇంకొకరు కోత నుంచి. కాబట్టి నార్మల్‌కి సిద్ధపడటమంటే ఆపరేషన్‌కి కూడా సగం సిద్ధపడటమే.

సిజేరియన్‌లో నొప్పి ఉండదనేది మాత్రం పచ్చి అబద్ధం. ఆ నొప్పి మత్తు దిగాక మొదలవుతుంది. కోసిన పొట్టతో ఒక బిడ్డను పక్కకు తిప్పి, ఇంకో బిడ్డను ఎత్తి పాలిచ్చే తల్లిని చూస్తే తెలుస్తుంది. అప్పుడు కూడా మన ఇళ్ళలో “మాత్రలు ఎక్కువేసుకుంటే పాలు పడవు” అని ఆపేస్తారు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లికి పనికొచ్చే మందులే. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, డాక్టరు చెప్పిన వేళకు వరసగా వేసుకోవాలి. సిజేరియన్ ఎంచుకున్నవాళ్ళు ‘మూడో రోజు నా నొప్పికి ఏమిస్తారు?’ అని ముందే అడగాలి. ఎవరూ అడగరు.

ఎపిడ్యూరల్ మన జిల్లాల్లో ఎందుకు అరుదంటే, నా ఉద్దేశంలో అసలు కారణం భయం కాదు, మత్తు డాక్టరు గంటలు. చిన్న ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు అక్కడే ఉండరు, ఫోన్ చేస్తే వస్తారు. సిజేరియన్‌కి వచ్చి, గంటలో ముగించుకుని ఇంకో చోటికి వెళ్ళొచ్చు. ఎపిడ్యూరల్ పెట్టాక ఏడెనిమిది గంటలైనా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ గంటలకు డబ్బు ఎవరిస్తారు? ఇది డాక్టర్ల తప్పు కాదు, ఏర్పాటు లేకపోవడం. కాబట్టి ‘మీ దగ్గర ఎపిడ్యూరల్ ఇస్తారా?’ అని అడిగితే చాలదు, ఇస్తామనే అంటారు. ‘రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఈ బిల్డింగ్‌లో ఉంటారా? రెండో బిడ్డ పుట్టేదాకా ఉంటారా?’ అని అడగాలి. లేదంటే ఇంకో ఆసుపత్రి చూసుకోవాలి. లేదా తెలిసి, ఆలోచించి, పగటిపూట సిజేరియన్ పెట్టుకోవాలి. అది కూడా మంచి నిర్ణయమే, అర్ధరాత్రి కాగితం మీద పడిన సంతకం కంటే వెయ్యి రెట్లు మేలు.

ఎపిడ్యూరల్ వద్దనే తల్లులూ ఉంటారు. ఇద్దరి తలలూ కిందికే ఉండి, నడుస్తూ తిరుగుతూ కనాలనుకునేవాళ్ళకు ఆ హక్కు ఉంది. పక్కన ధైర్యం చెప్పే మనిషి కాన్పు పొడవునా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకి తోడుగా ఒక మనిషిని అనుమతించింది. మా అమ్మను ఆ రాత్రి లోపలికి రానిచ్చి ఉంటే, కనీసం చెల్లి ఏమంటోందో మాకు తెలిసేది.

ఇక ఆ సంతకం సంగతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తెలివిలో ఉన్న వయోజనురాలికి వైద్యం చేయాలంటే ఆమె అంగీకారమే కావాలి, ఆమె తరఫున ఇంట్లోవాళ్ళు ఇచ్చింది చెల్లదు. ఆ కేసులో తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లలేదు. మా మరిది రాసిన ‘వద్దు’కి మాత్రం ఏం విలువ ఉంది? ఆసుపత్రి ఆయన్ని అడగడం తప్పు, మేం జవాబు చెప్పడం అంతకంటే తప్పు. నొప్పుల్లో ఉన్న మనిషి సరిగా ఆలోచించలేదంటారా, అందుకే నొప్పులు రాకముందే అడగమంటున్నాను.

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు పరీక్షలు చేస్తారు. ప్రమాదం ఉన్న కాన్పు అయితే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులు రెండూ మెడికల్ కాలేజీలకు అనుబంధమైనవే, మత్తు విభాగాలు అక్కడ ఉన్నాయి. ఉదయగిరి నుంచి గానీ, మార్కాపురం వైపు నుంచి గానీ ఆ ఆసుపత్రి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. నొప్పులు మొదలయ్యాక 108లో వచ్చే తల్లికి ఎంచుకునే వ్యవధి ఉండదు. ఇద్దరు బిడ్డలకు వేరువేరు మావి ఉంటే 37 వారాలకు, ఒకే మావి ఉంటే 36 వారాలకే కాన్పు చేయడం మేలని నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంటే తేదీ ఇంచుమించు ముందే తెలుస్తుంది. ఎనిమిదో నెలలో పడే 9వ తేదీన కవలల తల్లిని మత్తు డాక్టరు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి. వెన్ను చూసి, ప్లేట్‌లెట్ల లెక్క చూసి, ఆమె ఏం కావాలందో ఆ ఎర్ర స్టిక్కర్ పక్కనే తెలుగులో రాసి, ఆమె చేతే సంతకం పెట్టించండి. ఆ కార్డు సంచిలో పెట్టుకుని ఆమె ఏ అర్ధరాత్రి వచ్చినా, నర్సు కాగితం పట్టుకుని బయటికి రావాల్సిన పని ఉండదు.