సవరణ: 1937 నాటి మద్రాసు ఎగువ సభ సభ్యత్వం

ఇంతకుముందు పెట్టిన టపాలో, మద్రాసు శాసనమండలి సభ్యుల్లో మూడోవంతు మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారని, పదవీకాలం ఆరేళ్లని ఉంది. అది 1950 రాజ్యాంగంలోని పద్ధతి. 1937 నాటి సభ 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడింది, దాని లెక్క వేరు.

మండలిలో 54కు తగ్గకుండా, 56కు మించకుండా సభ్యులుండాలి. జనరల్ 35, ముస్లిం 7, భారతీయ క్రైస్తవులు 3, యూరోపియన్ 1, కలిపి 46. ఇవన్నీ ఓటర్లు నేరుగా ఎన్నుకునే స్థానాలే. కాకపోతే ఆ ఓటర్లు అందరూ కాదు. ఆస్తి, పన్ను, హోదా చూసి ఇచ్చిన ఓటు అది, ఆ జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితాతో పోలిస్తే చాలా చిన్నది. మిగతా 8 నుంచి 10 మందిని గవర్నరు నామినేట్ చేసేవారు. ఎమ్మెల్యేలు ఎన్నుకునే స్థానాలు బెంగాల్‌లో 27, బీహార్‌లో 12 ఉండేవి. మద్రాసుకు ఒక్కటీ లేదు. గందరగోళం బహుశా అక్కడే మొదలైంది.

పదవీకాలం తొమ్మిదేళ్లు. సభ రద్దు కాదు, మూడేళ్లకోసారి సుమారు మూడోవంతు మంది దిగిపోవాలి. అందుకే మొదటి విడతలో కొందరికి మూడేళ్లు, కొందరికి ఆరేళ్లే దక్కేలా కుదించారు. మధ్యలో ఖాళీ అయిన స్థానానికి వచ్చినవారికి పాతసభ్యుడి మిగిలిన కాలమే. కనీస వయసు 30.

ఇంకొకటి: జీవితచరిత్రల్లో "1926లో ఎమ్మెల్సీ" అని కనబడితే ఎగువ సభ అనుకోవద్దు. 1937 దాకా మద్రాసులో ఉన్నది ఒక్క సభే, దాని పేరే లెజిస్లేటివ్ కౌన్సిల్.