ఫారంలో చివరి గడి 'ఇతరములు' గారికి

అయ్యా ఇతరములు గారూ,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. ఎవర్నీ గుర్తుపట్టకపోవడమే కదా మీ ఉద్యోగం. నేను పోయిన ఏడాది మా అక్క ఫైలు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డవాణ్ణి. క్యాన్సర్ ఫారంలో రొమ్ము, ఊపిరితిత్తులు, నోరు, గర్భాశయ ముఖద్వారం అని వరసగా గళ్లున్నాయి. అన్నిటికీ అడుగున, పేజీ అంచు పట్టుకుని వేలాడుతూ మీరు. మీ పక్కన 'వివరాలు రాయండి' అని అంగుళం పొడవు చుక్కల గీత. అక్క జబ్బు పేరు గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్, అంటే జీర్ణాశయం, పేగుల గోడల్లో పుట్టే అరుదైన క్యాన్సర్ గడ్డ. ఆ గీత మీద 'గ్యాస్ట్రో' వరకే పట్టింది. అది చూసి కౌంటర్లో అబ్బాయి, "గ్యాస్ ట్రబుల్‌కి ఇక్కడ కాదండీ, కింద ఓపీకి వెళ్లండి" అన్నాడు.

అబ్బాయిని ఏమీ అనను. తప్పంతా మీ పెద్దమనసుది. వేరే గళ్లు ఒక్కో అవయవానికి ఒక్కో గది కట్టుకుంటే మీరు సత్రం తెరిచారు. యూరప్ లెక్కలో ఏడాదికి లక్షమందిలో ఆరుగురికన్నా తక్కువమందికి వచ్చే క్యాన్సర్ అరుదైనది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ లెక్కలో ఆ హద్దు పదిహేను. అంటే అరుదైన జబ్బు సముద్రం దాటితే మామూలుదైపోవచ్చన్నమాట. సరే, ఆ అరుదైనవన్నీ కలిపి యూరప్‌లో లెక్కవేస్తే మొత్తం క్యాన్సర్ కేసుల్లో ఐదో వంతుకు పైనే తేలాయి. మీ సత్రంలో ఇంత జనం ఉన్నారని మీకైనా తెలుసా? ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మామూలు క్యాన్సర్లలో నూటికి 65 మంది అయితే, అక్కడే మీ వాళ్లలో 47 మంది.

పేరున్నవాళ్లకీ మీ దగ్గర మినహాయింపు లేదు. స్టీవ్ జాబ్స్, ఇర్ఫాన్ ఖాన్ ఇద్దరికీ వచ్చింది న్యూరోఎండోక్రైన్ ట్యూమరే, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ. న్యూరో అంటే ప్రతిసారీ మెదడు కాదు మహాప్రభో అని 2018లో ఇర్ఫాన్ తనే చెప్పుకోవాల్సి వచ్చింది. పేషెంటే అందరికీ పాఠం చెప్పాల్సి రావడం మీ గడి ప్రత్యేకత.

ఇక అక్క సంగతి. తీసిన గడ్డ ముక్కని మైనంలో పోసి, అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ గూట్లో పెడతారు. అందులోంచి వెంట్రుక కన్నా చాలా పలచటి పొర కోసి, రంగు వేసి చూస్తారు. మామూలు రంగుతో చూసి 'కండరం గడ్డ, ఇతరములు' అని రాసిచ్చారు. కిట్ అనే ప్రొటీన్ కోసం ఇంకో రంగు వేసి చూస్తే తేలిపోయేది. ఆ సదుపాయం అక్కడ లేదు. ఉన్నచోటికి పంపే అలవాటూ లేదు. ఆ మైనం ముక్క ఒక సొరుగులో పదకొండు నెలలు హాయిగా పడుకుంది. అక్క కడుపులోని మిగతా ముక్క మాత్రం పడుకోలేదు.

ఈ గడ్డల్లో కిట్ జన్యువు చెడిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1998లోనే పట్టుకున్నారు. 2002కల్లా అమెరికాలో ఇమాటినిబ్ మాత్రకి దీనికోసం అనుమతి వచ్చింది. అంతకుముందు కీమోకి ఈ జబ్బు చలించేదే కాదు. అయితే కిట్ బదులు పీడీజీఎఫ్ఆర్ఏ అనే జన్యువులో ఒకరకం మార్పు ఉంటే ఈ మాత్ర పనిచేయదు, వేరే మందు కావాలి. ఏది ఉందో చెప్పేది జన్యు పరీక్ష. మా బీమా జాబితాలో మందు ఉంది. జన్యు పరీక్ష రిపోర్టు జతచేస్తేనే ఇస్తారు. పరీక్ష మాత్రం జాబితాలో లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఇక్కడ పూజారి కూడా సరేనన్నాడండీ, గుడి తాళమే దొరకలేదు.

పరీక్ష ఎందుకు చేర్చలేదని అడిగితే, "పెద్ద అధ్యయనాలు లేవు" అన్నారు. ఎందుకు లేవంటే పేషెంట్లు తక్కువట. తక్కువని ఎలా చెప్పారు? పరీక్ష చేయకపోతే ఎవరు పేషెంటో ఎలా తెలుస్తుందండీ? పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

మీ పరువు కాపాడిన సంగతి ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఎన్‌టీఆర్‌కే అనే జన్యువులు వేరే జన్యువుతో అతుక్కుపోతే వచ్చే క్యాన్సర్లున్నాయి. లాలాజల గ్రంథిలో రావచ్చు, పసిపిల్లల మెత్తటి కణజాలంలో రావచ్చు. ఏ అవయవం అని చూడకుండా, ఆ అతుకు ఉన్న 55 మందిని, 17 రకాల క్యాన్సర్లవాళ్లని, ఒక్కచోట చేర్చి లారోట్రెక్టినిబ్ అనే మందు ఇచ్చారు. నూటికి 75 మందిలో గడ్డ తగ్గింది. 2018లో అనుమతి వచ్చింది. వేలమంది అక్కర్లేకపోయింది. మీ సత్రంలో జనాన్ని పేరు పెట్టి పిలిచారు, అంతే.

మాలాంటి ఇళ్లవాళ్లం కలిసి అర్జీ పెట్టాం. రెండే అడిగాం. అనుమానం వచ్చిన మైనం ముక్క, ఆ జబ్బులు చూసి చేయి తిరిగిన డాక్టరు ఉన్నచోటికి ఆపరేషన్‌కి ముందే, పేషెంట్ ఖర్చు లేకుండా వెళ్లాలి. మందు ఇచ్చే జాబితాలోనే దాని పరీక్ష కూడా ఉండాలి. సమావేశం ఎజెండాలో మా అర్జీని ఎక్కడ పెట్టారో మీకు తెలిసే ఉంటుంది. చిట్టచివర, 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు'. అక్కడిదాకా వచ్చేసరికి టైం అయిపోయిందట.

ఏడాది దాటింది కాబట్టి ఈ వారం ఫారం మళ్లీ నింపాలన్నారు. ఈసారి పెన్ను అక్కే తీసుకుంది. చుక్కల గీత అయిపోయినా ఆగలేదు. జబ్బు పేరు, జన్యువు పేరు, మాత్ర పేరు గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ, మీ గోడ దాటి, పక్కనున్న 'కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే' అన్న ఖాళీ అంతా నింపేసింది.

ఇట్లు,
మీ సత్రంలో ఉన్న ఆవిడ తమ్ముడు